గోడ జరిగే మాట

పొద్దున్న కళ్ళు తెరవగానే చిన్నకోడలు ముందు ఎడమ మోచెయ్యి చాపి చూస్తుంది. గోడ నిన్నటి చోటే ఉంటే లేచి టీ పెట్టుకుంటుంది. చోటు మారి ముందుకొచ్చి ఉంటే మొగుణ్ణి ఒక్క తోపు తోసి లేపుతుంది.

"రాత్రి నేను నిద్రపోయాక మళ్ళీ అన్నారా?"

"ఏమన్నాను?"

"గోడని అడగమంటారా?"

ఆయన దుప్పటి మొహం మీదకి లాక్కుంటాడు. అన్నాడన్నమాటే. మొహం మీద అనే ధైర్యం లేనప్పుడల్లా ఆయన ఆవిడ నిద్రపోయేదాకా ఆగి, చెవి దగ్గరికొచ్చి, "కాస్త అడ్జస్ట్ అవ్వు" అని గొణిగేసి అటు తిరిగి పడుకునేవాడు. నిద్రలో ఉన్నవాళ్ళకి చెప్పినా ఆ మాట చెల్లేది. తెల్లారేసరికి గోడ నాలుగు వేళ్ళు ఇటు జరిగి ఉండేది.

ఆ ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందు ఒక హాలు, అందులో పడక్కుర్చీ, పడక్కుర్చీలో మామగారు. హాలు వెనకనుంచి పెరటిదాకా నడిమికి ఒక గోడ. గోడకి అటు బావగారు, తోడికోడలు. ఇటు వీళ్ళిద్దరూ. కాపురానికొచ్చిన కొత్తల్లో గోడ నిజంగానే నడిమిన ఉండేది. ఆ నెలలోనే తోడికోడలికి కొత్త బీరువా వచ్చింది. "కొంచెం అడ్జస్ట్ అవ్వమ్మా, కొత్తదానివి, నీకేం సామానుంది గనక" అన్నారు. చిన్నకోడలు సరేనంది. గోడ జరిగింది. బావగారు మేస్త్రీని పిలిచి, అటువైపు నేలమీద బయటపడ్డ జాగాకి గచ్చు చేయించాడు. మేస్త్రీ గోడని అరచేత్తో తట్టి చూసి, "దీనికింకా పరుగుంది సార్" అని తాపీ కడుక్కుని వెళ్ళిపోయాడు. కరెంటు పనివాడు వైరు వదులుగా వేసి పోయాడు, మళ్ళీ మళ్ళీ రావాల్సిన పని లేకుండా. వీధిలో వాళ్ళు కూడా పలకరింపుగా "మీ గోడ ఎందాకా వచ్చింది?" అనేవాళ్ళు, పిల్ల ఎన్నో క్లాసుకొచ్చింది అని అడిగినట్టు.

బీరువా తర్వాత అద్దాల బల్ల. అద్దాల బల్ల తర్వాత రెండో ఫ్రిజ్జు. మొదటిదాంట్లో ఏముందని అడిగితే "అది పాతది" అని జవాబు. ఫ్రిజ్జు వచ్చిన రోజు చిన్నకోడలి మంచం గోడకీ గోడకీ మధ్య ఇరుక్కుని అగ్గిపుల్లలా విరిగింది. అప్పట్నుంచి నేలమీదే పడక.

ఒకసారి ఆవిడ కూడా ఆ మాట అని చూసింది. "ఈసారి మీరే అడ్జస్ట్ అవ్వండి అక్కా" అంది. తోడికోడలు నవ్వి, "అయ్యో, దానికేం" అని లోపలికెళ్ళి, "ఏమండీ, మీరు కాస్త అడ్జస్ట్ అవ్వండి" అని తన మొగుడితో అంది. ఆయన తమ్ముణ్ణి పిలిచి అదే అన్నాడు. తమ్ముడు పెళ్ళాంతో అన్నాడు. సాయంత్రానికి గోడ ఇటే జరిగింది. ఆ మాట బంతిలాంటిదని అప్పుడర్థమైంది ఆవిడకి. ఎవరు పట్టుకున్నా ఇంకొకరికి విసిరేస్తారు. విసరడానికి కింద ఎవరూ లేనివాళ్ళ మీదికి గోడ వస్తుంది. ఆ ఇంట్లో ఆవిడకి కింద ఎవరూ లేరు. కనీసం పిల్లి కూడా లేదు, కసురుకోవడానికి.

ఇప్పుడు మిగిలిందల్లా బల్ల. చిన్నకోడలు కాటాలు బాగుచేస్తుంది. డిగ్రీలో ఫిజిక్సు చదివింది గాని, చేతికొచ్చింది మాత్రం పుట్టింటి పని. వాళ్ళ నాన్న ఇచ్చిన నల్లరాతి బల్ల మీద కొట్లవాళ్ళ త్రాసులు పెట్టి, కాడ వంకర తీసి, తట్టలు తేల్చి, ముల్లు నడిమిన నిలబడేదాకా సరిచూస్తుంది. బల్ల కాళ్ళు నేలలో పాతి సిమెంటు పోసినవి. మట్టంలో వెంట్రుకంత తేడా వచ్చినా అది కాటాలకి పనికిరాదు, ఊడదీసి ఇంకోచోట పెట్టేది కాదు. గోడ వచ్చి వచ్చి బల్ల ముందు కూర్చున్న ఆవిడ వీపుకి ఆనింది. ఊపిరి పీల్చినప్పుడు వీపుకి సున్నం అంటుకుంటుంది. ఇంకొక్కసారి జరిగితే బల్లకీ మంచం గతే.

తోడికోడలికీ ఆ సంగతి తెలుసు. తెలుసునన్నది దాచుకునే మనిషి కూడా కాదు.

"బల్ల పోతే మాత్రం ఏమైంది చెల్లీ? నీకూ తీరిక దొరుకుతుంది, నాకూ వంటింట్లో ఒక చెయ్యి తోడొస్తుంది. ఆ ఇనప ముక్కలు రుద్ది రుద్ది గోళ్ళు చూసుకున్నావా ఎలా ఉన్నాయో?"

"వంటింట్లో మీ చెయ్యి ఎప్పుడు చూశాం అక్కా, దానికి తోడు రావడానికి?"

"నోరు బాగానే పెరిగింది. గదే పెరగట్లేదు పాపం."

ఇదంతా నడక మిషను గురించి. డాక్టరు తోడికోడల్ని రోజూ నడవమన్నాడు. ఆవిడ ఇంట్లోనే నడిచే మిషను తెప్పిస్తోంది, ఆదివారం వస్తుంది. పట్టా తిరుగుతూ ఉంటే దాని మీద నిలబడి నడవాలి, ఎంత నడిచినా అక్కడే ఉండాలి.

"బయట వీధంతా ఖాళీగా ఉంది కదక్కా."

"వీధిలో నడిస్తే వీధివాళ్ళు చూస్తారు."

"చూస్తే ఏం? మీరు నడవడం ఎవరూ చూడలేదు, సరదాపడతారు."

తోడికోడలు మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. గోడ అవతల్నుంచి ఆవిడ గొంతు వినపడుతూనే ఉంది. "ఏమండీ, మీ తమ్ముడికి చెప్పండి. ఆదివారం పొద్దునకల్లా జాగా కావాలి. పెళ్ళాం నిద్రపోయాక గొణగడం కాదు, మేలుకుని ఉండగా చెప్పమనండి. అలా చెబితే గోడ ఇంకో రెండు వేళ్ళు ఎక్కువ జరుగుతుంది, నేను చూశాను."

శుక్రవారం మేకుల కొట్టాయన తన కాటా కోసం వచ్చాడు. గదిలో ఇద్దరు పట్టరు గనక గుమ్మంలో నిలబడి తల మాత్రం లోపల పెట్టాడు.

"అయ్యిందామ్మా?"

"రేపో ఎల్లుండో. కాడలో ఎడమపక్క అరిగింది. కాడ ఊగడానికి ఆనే కత్తి కొత్తది వేశాను, ఒకసారి తేల్చి చూడాలి."

ఆయన గొంతు తగ్గించాడు. "ఎలాగూ చేస్తున్నావు కదా. మా వైపుకి కాస్త అడ్జస్ట్ చేసిపెట్టు. నలుగురికీ తెలిసేలా కాదులే, ఏదో గోరంత."

గోడ కదిలింది. ముందుకి రాలేదు, వెనక్కీ పోలేదు. అడ్రసు తెలియని మనిషి వీధి మొగలో ఆగినట్టు, ఉన్నచోటే అటొకసారి ఇటొకసారి ఊగి ఆగిపోయింది. సున్నం పొడి చిన్నకోడలి మెడ మీద పడింది. అటువైపు ఏదో ఫోటో కిందపడిన చప్పుడైంది. "ఎవరది?" అని తోడికోడలు అరిచింది.

చిన్నకోడలు వెనక్కి తిరిగి గోడకేసి చూసింది. ఇన్నేళ్ళలో అది అటు కదలడం ఆవిడ చూడలేదు.

"మళ్ళీ అనండి" అంది.

"ఏంటమ్మా?"

"ఇప్పుడన్నది."

మేకుల కొట్టాయన బెదిరాడు. "కోపం వద్దులేమ్మా. ఊరికే అన్నాను. ఉన్నదున్నట్టే చెయ్యి."

"నేను ఆ పని చెయ్యను. సరిచూస్తాను, అంతే." ఆ ఇంగ్లీషు మాట ఆవిడ తన పనిలో వాడటం మానేసి చాలా కాలమైంది. వాళ్ళ నాన్న వాడేవాడు. ఆయన నోట్లో అది శుభ్రమైన మాట. ఈ ఇంటికొచ్చాక ఎంగిలైపోయింది.

ఆదివారం పదిన్నరకి నడక మిషను వచ్చింది. మోసుకొచ్చిన ఇద్దరూ దాన్ని వాకిట్లో దించి, తలుపు కొలిచి, "లోపల జాగా చేసి పిలవండి" అని వెళ్ళిపోయారు. తోడికోడలు దాని చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ రోజు ఆవిడ చేసిన నడక అదే.

చిన్నకోడలి గది గుమ్మం హాల్లోకి ఉంటుంది. అందరూ అక్కడ చేరారు. ముందు మొగుడు, ఆయన వెనక బావగారు, బావగారి వెనక తోడికోడలు, ఒకరినొకరు నెట్టుకుంటూ. పడక్కుర్చీలో మామగారు పేపరు చదువుతున్నారు. ఆయన రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. కన్నకొడుకులు కూడా మాస్టారనే పిలుస్తారు. ఇంట్లో నిప్పంటుకుని ఎవరైనా "ఫైర్" అని అరిస్తే, ఆ పలకడం సరిదిద్దాకే బకెట్ అందుకునే రకం. గోడ ఇన్నిసార్లు జరిగినా ఆయన కలగజేసుకోలేదు. అది ఆడవాళ్ళ విషయమని ఒకసారి, మగవాళ్ళు తేల్చుకోవాలని ఒకసారి అన్నారు.

చిన్నకోడలు బల్ల ముందు వీపు గోడకానించి కూర్చుని ఉంది. మేకుల కొట్టు కాటా ఎదురుగా కొక్కేనికి వేలాడుతోంది. తట్టలు ఖాళీగా ఉన్నాయి. కాడ ఊగకుండా కింద చిన్న చెక్క ఆనించి ఉంది.

"చూడు" అన్నాడు మొగుడు. చూడమన్నాడు గాని ఆయన చూపు మాత్రం నేల మీదే ఉంది. "మిషను వచ్చేసింది. వెనక్కి తీసుకోరట."

"మనుషుల్నీ తీసుకోరు. పుట్టింటికి రాసి చూశాను."

"వెటకారం తర్వాత. వదిన ఆరోగ్యం విషయం ఇది."

"నా బల్ల విషయం కూడా."

వెనకనుంచి తోడికోడలు, "రాయి పగిలితే ముక్కలు పెరట్లో వేసుకోవచ్చు, బట్టలుతకడానికి పనికొస్తాయి" అంది. "త్వరగా చెప్పు మరిదీ. వాకిట్లో మిషను ఎండకి వేడెక్కిపోతోంది."

బావగారు పెద్దమనిషి తరహాలో గొంతు సవరించుకున్నాడు. "ఇందులో తగువేముందమ్మా? ఇంగ్లీషువాడు ఎప్పుడో చెప్పాడు. అడ్జస్ట్ అంటేనే సర్దుకుపోవడం. ఆ మాటకి అర్థమే అది."

పేపరు మడిచిన చప్పుడైంది.

"ఇంగ్లీషువాడు ఎప్పుడు చెప్పాడ్రా నీకు?" అన్నారు మాస్టారు.

"అదే మాస్టారూ, డిక్షనరీలో..."

"నువ్వు డిక్షనరీ తెరిచింది దాంట్లో నెమలీక పెట్టుకోవడానికి. మాట్లాడకు." ఆయన పడక్కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఇలా కూర్చున్నారంటే పీరియడ్ అయ్యేదాకా ఎవరూ కదలకూడదు. "అది ఇంగ్లీషువాడిది కానే కాదు. లాటిన్‌వాళ్ళ దగ్గర ఒక మాట ఉండేది. పక్కన, దగ్గరగా అని అర్థం. దాన్నుంచి దగ్గరికి చేర్చడం అనే మాట పుట్టింది. అది ఫ్రెంచివాళ్ళ నోట నలిగింది. నలుగుతూ ఉండగా జనానికి అందులో జస్ట్ అని వినపడింది. జస్ట్ అంటే న్యాయం, సమానం. నిజానికి దీనికీ దానికీ చుట్టరికం లేదు. చెవి చేసిన పొరపాటు. అయినా అర్థం అటు తిరిగిపోయింది. హెచ్చుతగ్గులు లేకుండా సరిచెయ్యడం అని స్థిరపడింది."

"అంటే తప్పు అర్థమేగా" అంది తోడికోడలు.

"తప్పుగా పుట్టింది. అంతమాత్రాన చెల్లకుండా పోదు. నువ్వు పుట్టలేదూ?"

బావగారు దగ్గాడు. తోడికోడలి మొహం మాడిపోయింది.

చిన్నకోడలు చేతిలో పని ఆపలేదు. తట్ట గొలుసు తుడుస్తూనే అడిగింది. "మరి సర్దుకుపోవడం ఎప్పుడొచ్చింది మామగారూ?"

ఆ ఇంట్లో ఆయన్ని ఒకరు ప్రశ్న అడిగి చాలా రోజులైంది. ఆయన మొహంలో వెలుగొచ్చింది.

"నిన్నగాక మొన్న. మొదట్లో అది చేసే మాటే, అయ్యే మాట కాదు. గడియారాన్ని అడ్జస్ట్ చేసేవాళ్ళు, త్రాసుని చేసేవాళ్ళు. మనిషి తనంతట తనే అడ్జస్ట్ అయిపోవడమనేది బాగా వెనక వచ్చి చేరింది. మనింట్లో అయితే వెనక వచ్చిందే పెత్తనం చేస్తోంది. అందరూ అవ్వు అవ్వు అనేవాళ్ళే. చెయ్యి అనగా నేను వినలేదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయినా నాకెందుకు, భాష పాడైతే మీకేం పోయింది."

"క్లాసు అయిపోయిందా?" అంది తోడికోడలు. "అయితే మరిదీ, నువ్వు చెప్పాల్సింది చెప్పు. ఆ మొహం చూసి చెప్పు."

మొగుడు తలెత్తాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి పెళ్ళాం కళ్ళలోకి చూసి ఆ మాట అనబోతున్నాడు. గోడ ఆవిడ వీపుకి ఇంకాస్త గట్టిగా ఆనింది, అప్పుడే బయల్దేరబోతున్నట్టు.

"ఈ ఒక్కసారికి నువ్వు కాస్త అడ్జస్ట్..."

"చేస్తాను" అంది చిన్నకోడలు.

"అవ్వమంటున్నా."

"వినపడింది. చేస్తానంటున్నా." ఆవిడ చెయ్యి చాపి కాడ కింది చెక్క మీద వేలు పెట్టింది. "అడ్జస్ట్ చేస్తాను."

చెక్క లాగేసింది.

కాడ ఒక్కసారి ఎడమకి ఒరిగింది. దాంతోపాటే ఆవిడ వీపు వెనక గోడ కూడా వెనక్కి, అటువైపుకి, నేలని బరబరా రాసుకుంటూ పోయింది. అవతల బీరువా మూలిగింది. అద్దాల బల్ల మీద సీసాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "నా ఫ్రిజ్జు" అని తోడికోడలు తన గదిలోకి పరిగెత్తింది, వెనకే బావగారు. మొగుడు ఒక్క క్షణం గుమ్మంలో ఊగిసలాడి, అన్న వెనకే దూకాడు.

కాడ కుడికి వాలింది. గోడ మళ్ళీ ఇటు వచ్చింది. చిన్నకోడలు కదల్లేదు. సరిగ్గా తూగే కాటా కూడా ముందు అటూ ఇటూ ఊగాకే నిలబడుతుందని ఆవిడకి తెలుసు. అప్పుడు చెయ్యి పెట్టకూడదు. గోడ బల్ల దాకా రాలేదు, చాలా ముందే ఆగి వెనక్కి తిరిగింది. ఈసారి పోయింది కొంచెమే. మళ్ళీ వచ్చింది, ఇంకా కొంచెమే. హాల్లో మాస్టారు కాళ్ళు ముడుచుకుని పడక్కుర్చీలో పైకి పెట్టుకున్నారు. ముల్లు సన్నగా వణికి, నడిమి గీత మీద నిలిచింది. గోడ కూడా నిలిచింది.

ఇంటికి నడిమిన నిలిచింది. ఇల్లు కట్టినప్పుడు కొలిచి నిలబెట్టిన మొదటి చోటు గచ్చులో సన్నటి గీతలా కనిపించేది. గోడ దాన్ని వెతుక్కుని దాని మీదే కూర్చుంది.

కాసేపటికి తోడికోడలు హాల్లోకి వచ్చింది. వాకిట్లో నడక మిషనుకేసి చూసింది, మామగారికేసి చూసింది.

"ఇదంతా మీ వల్లే."

"నేను అర్థం చెప్పాను" అన్నారు మాస్టారు, పేపరు విప్పుతూ. "వాక్యంలో పెట్టింది చిన్నకోడలు. వాక్యంలో తప్పు లేదు."

"ఇప్పుడీ మిషను ఎక్కడ పెట్టుకోను?"

"వాకిట్లోనే పెట్టుకో. వీధివాళ్ళు సరదాపడతారు."

ఆవిడ చరచరా లోపలికెళ్ళింది. "ఏమండీ, మీరే కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అంటున్న గొంతు గోడ అవతల వినపడింది. బావగారు తమ్ముణ్ణి పిలిచాడు. తమ్ముడు పలకలేదు. ఆ మాట అటువైపే ఉండిపోయింది. గోడ ఉలకలేదు. అవతల మంచం అంచుకి బీరువా తలుపు కొట్టుకుంటున్న చప్పుడు మాత్రం సాయంత్రందాకా వినిపించింది.

తమ్ముడు పలకకపోవడానికి కారణం, ఆయన హాలు తిరిగి ఇవతలి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడటం. గది అంత వెడల్పుగా ఉంటుందని ఆయన మర్చిపోయాడు. మేకుల కొట్టు కాటా బల్ల మీద సర్దిపెట్టి ఉంది. పెళ్ళాం చేతిలో కొలిచే టేపుతో నేల మీద వంగి ఉంది.

ఆయన చెప్పులు విప్పి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ విప్పాడు.

"నేను కూడా... కాస్త అడ్జ..."

ఆవిడ తలెత్తింది. ఆయన మిగతాది మింగేశాడు.

"ఇంకో మాట వెతుక్కోండి" అంది.

ఆయన వెతుక్కున్నాడు. సర్దుకో అన్నది దగ్గర్లోనే ఉంది గాని, అది కూడా పనికిరాదని మొహం చూసి గ్రహించాడు. అడగడానికి ఆయన దగ్గర వేరే మాటే లేదు. ఇన్నేళ్ళూ ఒక్కదానితోనే గడిపేశాడు.

"ఏం కొలుస్తున్నావు?" అన్నాడు చివరికి.

"మంచానికి."

"ఎంత వెడల్పు?"

ఆవిడ టేపు ఒక చివర కాలి బొటనవేలితో తొక్కి పట్టుకుని, రెండో చివర ఇంకా లాగకుండా చేతిలోనే ఉంచుకుంది.

"అది మీకు దొరికే మాటని బట్టి" అంది.